ఈ మచ్చ ఎవరిది? పాత ఫోటోను ఎంతవరకు దిద్దాలి

మన బడిలో పెద్ద తరగతుల పిల్లలకు ఏటా "మా ఇంటి పెద్దలు" అనే ప్రాజెక్టు ఇస్తాం. ఇంట్లో ఉన్న పాత ఫోటోల్లోంచి ఒకటి ఎంచుకుని, అందులోని మనిషి గురించి తెలుగులో ఒక పేజీ రాసి, తరగతి ముందు నిలబడి చెప్పాలి. మొదట్లో పిల్లలు తెచ్చే ఫోటోలు మసకమసకగా ఉండేవి. ఊళ్ళో గోడకి వేలాడే ఫ్రేమును పిన్నో బాబాయో ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపినవి. అద్దం మీద ట్యూబ్‌లైట్ మెరుపు కూడా పడి ఉండేది. ఈమధ్య వస్తున్నవి అలా లేవు. నున్నటి చెంపలు, తళతళలాడే కళ్ళు, చీరకి రంగులు. ఎనభై ఏళ్ళ కిందటి మనిషి నిన్న సాయంత్రం ఫోటో దిగినట్టు ఉంటున్నారు. ఫోన్‌లో యాప్ ఉంది, బటన్ నొక్కితే అర నిమిషంలో పని అయిపోతుంది.

అందుకే తల్లిదండ్రుల నుంచి ఒక ప్రశ్న తరచు వస్తోంది: "ఫోటో పాడైపోయింది కదండీ, ఎంతవరకు బాగుచేయొచ్చు?" మంచి ప్రశ్నే. దీనికి సమాధానం యాప్ సెట్టింగుల్లో దొరకదు, ఫోటోల చరిత్రలో దొరుకుతుంది. ఆ చరిత్ర కొంచెం చెప్పి, తరగతిలో దాన్ని ఎలా వాడుకోవచ్చో చూపించాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను పిల్లలకు ఒక ప్రశ్న అలవాటు చేస్తాను. ఫోటోలో దేన్నయినా చెరిపే ముందు "ఈ మచ్చ ఎవరిది?" అని అడగాలి. పాత ఫోటోలో కనిపించే మచ్చలు నాలుగు రకాలు. కొన్ని కాలం వేసినవి. కొన్ని కెమెరా వేసినవి. కొన్ని స్టూడియోవాళ్ళు దిద్దినవి. కొన్ని ఆ మనిషి బతికిన బతుకు వేసినవి. నాలుగూ చూడటానికి ఒకేలా ఉండొచ్చు. చెరపాలా వద్దా అన్నది మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది.

కాలం వేసిన మచ్చలు

ముందు తేలికైనవి చూద్దాం. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మంటే కాగితం మీద నిలిచిన సన్నటి వెండి రేణువులు. గాలిలో తేమ, పొగ తగిలేకొద్దీ ఆ వెండి మారిపోయి, నల్లగా ఉండాల్సిన చోట పసుపు, గోధుమ రంగు తేలుతుంది. మన కోస్తా ఊళ్ళ ఉక్కకి బూజు పడుతుంది. చెదలు అంచులు కొరికేస్తాయి. మడత పడ్డ చోట గీత పగులుతుంది. ఫ్రేములో అద్దానికి ఫోటో అతుక్కుపోతుంది.

ఇవేవీ ఫోటో తీసిన రోజున లేవు. ఫోటో దిగినవాళ్ళు వీటిని చూడలేదు. కాబట్టి స్కాన్ చేసిన కాపీలో వీటిని సరిచేయడానికి వెనకాడక్కర్లేదు. వెలిసిపోయిన నలుపును మళ్ళీ నలుపు చేయండి, మడత గీతను పూడ్చండి, బూజు చుక్కలు తీసేయండి. అసలు ఫోటో జోలికి మాత్రం వెళ్ళొద్దు. తడిగుడ్డతో తుడవొద్దు. అద్దానికి అతుక్కున్నదాన్ని పీకొద్దు, బొమ్మ ఊడి అద్దంతోపాటు వచ్చేస్తుంది. దాన్ని అద్దంతోనే స్కాన్ చేయండి. లామినేషన్ చేయించొద్దు, ఒకసారి చేయిస్తే ఇక విడదీయలేం.

అయితే కాలం వేసిన మచ్చ కూడా ఒక్కోసారి ఫోటోలో భాగమైపోతుంది. ఇక్కడ పెరిగే పిల్లలందరికీ తెలిసిన అబ్రహాం లింకన్ ఫోటో ఒకటి తరగతిలో చూపించండి. 1865 ఫిబ్రవరి 5న వాషింగ్టన్‌లో అలెగ్జాండర్ గార్డనర్ తీసింది. గాజు నెగెటివ్ పగిలింది. గార్డనర్ దాంతో ఒక్క ప్రింటు మాత్రం తీసి, పనికిరాదని ప్లేటు పారేశాడు. ఆ పగులు గీత లింకన్ తల మీదుగా అడ్డంగా పోతుంది. రెండు నెలల తర్వాత, ఏప్రిల్ 14న, ఆయన తలకి తుపాకి గుండు తగిలింది. ఆ ఒక్క ప్రింటు ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది, పగులుతో సహా. ఆ గీతను కాపీలో చెరపడం ఈరోజు నిమిషం పని. కానీ ఆ పగులు చూడ్డానికే జనం వస్తారు. తరాల తరబడి చూసి చూసి ఆ గీత కూడా ఆ ఫోటో కథలో కలిసిపోయింది. అందుకే కాలం మచ్చలు తీసేటప్పుడు కూడా తీయకముందు కాపీ ఒకటి దాచమంటాను.

కెమెరా వేసిన మచ్చలు

"మా తాతమ్మ నల్లబొట్టు పెట్టుకునేదా టీచర్?" అని ఒక పిల్లవాడు అడిగాడు. ఫోటోలో బొట్టు కాటుకంత నల్లగా ఉంది. వాడు అడిగింది కెమెరా చరిత్రలో పెద్ద విషయం.

ఫోటోగ్రఫీని 1839లో ప్రపంచానికి ప్రకటించారు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలక మీద మందు పూసి, అది తడిగా ఉండగానే ఫోటో తీసే పద్ధతిని బయటపెట్టాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాల దాకా స్టూడియోల్లో నడిచింది ప్రధానంగా ఆ గాజు ప్లేట్లే. వాటికి ఒక లోపం ఉంది. నీలం వెలుతురు మాత్రమే వాటికి అందేది. ఎరుపు వాటి లెక్కలో చీకటితో సమానం. అందుకని కుంకుమ నల్లబడింది. పసుపు రాసుకున్న ముఖం మామూలుకన్నా ముదురుగా వచ్చింది. ఎర్రంచు నల్లంచయింది. నీలాకాశం, లేత నీలం బట్ట తెల్లబడిపోయాయి. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్లేటు మందులో కొన్ని అద్దకాలు కలిపితే ఆకుపచ్చ, పసుపు కూడా అందుతాయని కనిపెట్టాడు. ఎరుపుతో సహా అన్ని రంగులూ అందుకునే పాంక్రోమాటిక్ ప్లేట్లు 1906లో అమ్మకానికొచ్చాయి. చౌక కాబట్టి, ఎర్ర దీపం కింద కడగడం సులువు కాబట్టి, పాత రకం ప్లేట్లు, ఫిల్ములు ఆ తర్వాత కూడా చాలాకాలం వాడుకలో ఉన్నాయి.

ఇది మనకెందుకంటే, పాత ఫోటోలో కనిపించే ఒంటి రంగు ఆ మనిషి రంగు కాదు. చర్మం నుంచి వచ్చే వెలుతురులో ఎరుపు, పసుపు పాలు ఎక్కువ. ఆ ప్లేట్లు వాటిని పట్టుకోలేవు కాబట్టి ఎవరి ముఖమైనా ఉన్నదానికన్నా నల్లగా, చిన్న మచ్చ కూడా పెద్దగా వచ్చేది. "మా తాతగారు ఇంత నలుపా" అని పిల్లలు అడిగితే ముందు ప్లేటు సంగతి చెప్పండి. నలుపైతే మాత్రం తప్పేముంది అన్నది ఆ వెంటనే చెప్పాల్సిన రెండో సంగతి.

దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. మన పెద్దవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళకి గడ్డం మీద, నుదుటి మీద, ముంజేతి మీద పచ్చబొట్లు ఉండేవి. పచ్చబొట్టు నీలం ఆకుపచ్చ కలిసిన రంగు. నీలాన్ని తెల్లగా చూపించే ప్లేటు మీద అది వెలిసిపోతుంది, ఒక్కోసారి కనిపించదు కూడా. న్యూజీలండ్‌లోని మావోరీలకు ముఖం మీద పచ్చబొట్టు వంశ గౌరవం. తడి ప్లేటు ఫోటోల్లో వాళ్ళ పచ్చబొట్లూ ఇలాగే మాయమయ్యాయి. కాబట్టి ఫోటోలో పచ్చబొట్టు లేదంటే మనిషికి లేదని అర్థం చేసుకోకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళని అడగాలి.

బిగదీసుకున్న ముఖాలకీ కొంత కారణం ఇదే. తొలి రోజుల్లో ఒక్క బొమ్మ పడడానికి చాలా సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు కదలకుండా ఉండాల్సొచ్చేది. తల కదలకుండా వెనక నుంచి ఇనుప ఆనువు పెట్టేవారు. అంతసేపు నవ్వు నిలబెట్టడం ఎవరివల్లా కాదు. తర్వాత కెమెరాలు వేగం అందుకున్నా, ఫోటో అంటే గంభీరంగా కూర్చోవాలన్న అలవాటు మిగిలిపోయింది.

కెమెరా వేసిన మచ్చల్ని చెరపొద్దు, పక్కన వివరం రాయించండి. "బొట్టు ఎర్రదే, ప్లేటులో నల్లగా పడింది" అని పిల్లవాడు ఒక వాక్యం రాస్తే, అది బొట్టుకి ఎరుపు వేయడంకన్నా మంచి పాఠం. రంగులు వేసే యాప్‌ల సంగతీ ఇంతే. బూడిద రంగులోంచి చీర రంగు ఎవరికీ తెలియదు. యాప్ వేల ఫోటోలు చూసిన అలవాటుతో ఊహించి ఏదో ఒకటి వేస్తుంది. వేసుకోవచ్చు గానీ, కింద "రంగులు ఊహించినవి" అని రాయాలి. ఆ చీర చూసినవాళ్ళు ఇంకా బతికుంటే ఈ వారమే ఫోన్ చేసి అడగాలి.

స్టూడియో దిద్దుబాట్లు

పాత ఫోటో అంటే ఎవరూ చెయ్యి పెట్టని నిజం అనుకుంటాం. అదీ పొరపాటే. ఫోటోను దిద్దడం దాదాపు ఫోటో పుట్టినప్పటి నుంచీ ఉంది. రాగి రేకు మీద తీసిన తొలి ఫోటోలకే సన్నటి కుంచెతో బుగ్గలకి ఎరుపు పొడి, నగలకి బంగారు రంగు అద్దేవారు. 1855లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టెంగల్ అనే మ్యూనిక్ ఫోటోగ్రాఫర్ దిద్దిన నెగెటివ్ ఒకటి పెట్టి, దిద్దకముందు ప్రింటు, దిద్దిన తర్వాత ప్రింటు పక్కపక్కన చూపించాడు. కెమెరా అబద్ధం చెప్పగలదని తెలిశాక ఫోటోలు దిగేవాళ్ళు తగ్గలేదు, పెరిగారు.

పని జరిగే తీరు పిల్లలకు చెబితే ఆసక్తిగా వింటారు. నెగెటివ్‌లో నలుపు తెలుపు తారుమారుగా ఉంటాయి కదా. ముఖం మీది ముడత అక్కడ వెలుతురు దూరే సన్నటి గీతగా కనిపిస్తుంది. నెగెటివ్ మీద పెన్సిల్ పట్టుకునేలా ముందు ఒక పూత రాసి, కింద నుంచి వెలుతురు వచ్చే ఏటవాలు బల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్ మొనతో ఆ గీతను చుక్కచుక్కగా నింపుతారు. ప్రింటులో ముడత తేలిపోతుంది. కత్తి మొనతో గీకితే ఆ చోటు ప్రింటులో నల్లబడుతుంది, అలా కనుబొమలు దిద్దేవారు, నడుము సన్నం చేసేవారు. మన ఊళ్ళ స్టూడియోల్లో దీన్నే "టచింగ్" అనేవారు.

లింకన్‌కి కూడా టచింగ్ తప్పలేదు. 1860 ఫిబ్రవరి 27న న్యూయార్క్‌లో మాథ్యూ బ్రేడీ ఆయన ఫోటో తీశాడు. మెడ మరీ పొడుగ్గా కనిపించకుండా కాలరు పైకి లాగాడు, ముఖం మీది గీతల్ని తగ్గించాడు. ఎన్నికల్లో ఆ ఫోటోయే దేశమంతా తిరిగింది. 1860 ఫోటోని, పగిలిన 1865 ఫోటోని పక్కపక్కన పెట్టి "ఇద్దరిలో అసలు లింకన్ ఎవరు?" అని అడిగి చూడండి. అరగంట దాకా మీరు మాట్లాడక్కర్లేదు.

మన వైపు కథకొస్తే, మద్రాసులో ఫోటోగ్రఫిక్ సొసైటీ 1856లోనే మొదలైంది. హైదరాబాదు పేరు ప్రపంచానికి చూపించిన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ప్రభుత్వోద్యోగం చేస్తూ ఫోటోలు పట్టాడు. తర్వాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. రాజా బిరుదు కూడా నిజాం ఇచ్చిందే. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అక్కడ ఫోటోలు తీసింది ఒక ఇంగ్లీషు మహిళ. దీన్‌దయాళ్ స్టూడియో గాజు నెగెటివ్‌లు రెండున్నర వేలకు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

ఆ కాలంలో మన దేశంలో ఇంకో పద్ధతి బాగా నడిచింది. ఫోటో ప్రింటు మీద చిత్రకారుడు రంగులు పూసేవాడు. ఎంత దట్టంగానంటే, కొన్నింటిలో ముఖం తప్ప కింద ఫోటో ఉందని తెలియదు. లేని తివాచీ పరిచేవాడు, లేని నగలు తొడిగేవాడు. జమీందార్ల ఇళ్ళలో మొదలైన ఈ సరదా చిన్న ఊళ్ళ స్టూడియోల దాకా దిగింది. వెనక తెర మీద రాజమహలు మెట్లు, పక్కన స్టూలు మీద పూలకుండీ, చేతికి స్టూడియోవాళ్ళ గడియారం. విడివిడిగా దిగిన భార్యాభర్తల్ని చనిపోయాక ఒకే ఫోటోలో కూర్చోబెట్టడం కూడా స్టూడియోలకి అలవాటైన పనే. ఒంటి రంగు నాలుగాకులు ఎక్కువ తెల్లగా చేసివ్వడమూ అంతే.

మరి వీటిని ఇప్పుడు విప్పేసి "నిజం" బయటికి తీయాలా? వద్దు. ఆ గడియారం ఆయనది కాకపోవచ్చు. ఆ గడియారంతో కనిపించాలన్న కోరిక మాత్రం ఆయనదే. పిల్లలకు అది చెప్పండి. ఒంటిని తెల్లబరిచిన ఫోటో అయితే ఇంకా ఎక్కువ చెప్పండి. ఆ రోజుల్లో పెళ్ళి సంబంధాల కోసం, పరువు కోసం రంగును ఎలా చూశారో ఆ పెన్సిల్ గీతలే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని ఉంచాలి, ఆ పనిని మనం మళ్ళీ మన చేత్తో చేయకూడదు.

బతుకు వేసిన మచ్చలు

నా ఉద్దేశంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సినవి ఇవి.

మా తరగతిలో ఒక అమ్మాయి తాతమ్మ ఫోటో తెచ్చింది. యాప్‌లో పెట్టి శుభ్రం చేసింది. బూజు చుక్కలు పోయాయి, ముఖం నున్నబడింది. ఒంగోల్లో ఉన్న అమ్మమ్మకి వీడియో కాల్‌లో చూపించింది. పెద్దావిడ చాలాసేపు చూసి, "అంతా బాగానే ఉందిగానీ, మచ్చలేవే?" అన్నదట. తాతమ్మకి ఎనిమిదో ఏట అమ్మవారు పోసింది. మశూచి. బతికింది, ముఖమంతా స్ఫోటకపు మచ్చలు మిగిలాయి. అదే వారంలో అదే ఇంట్లో ఆమె తమ్ముడికీ పోసింది. వాడు దక్కలేదు. ఆ పిల్లవాడికి ఫోటో లేదు. వాడున్నాడని ఆ ఇంట్లో మిగిలిన గుర్తు అక్క ముఖం మీది మచ్చలే. యాప్‌కి ఆ మచ్చలూ, కాగితం మీది బూజు చుక్కలూ ఒకటే.

ఈ మచ్చల వెనకాల ఎంత చరిత్ర ఉందో చూడండి. మశూచి సోకిన పదిమందిలో సుమారు ముగ్గురు చనిపోయేవారు. మన ఊళ్ళలో పోలేరమ్మ కొలువుల వెనక ఉన్న భయం ఇదే. భారతదేశంలో చివరి మశూచి కేసు 1975 మేలో కనిపించింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బు భూమ్మీద లేదని ప్రకటించింది. మన పిల్లలు స్ఫోటకపు మచ్చలున్న మనిషిని చూసి ఉండరు. వాళ్ళు చూడగలిగేది పాత ఫోటోలోనే. దాన్ని కూడా నున్నగా చేసేస్తే టీకా ఎందుకో చెప్పే సాక్ష్యం ఇంట్లోంచే పోతుంది.

అయితే ఒంగోలు అమ్మమ్మ ఇంకో మాట కూడా అన్నది. "మా అమ్మ ఫోటో అంటే చెంగు అడ్డం పెట్టుకునేది. ఒక్కసారన్నా మచ్చల్లేకుండా చూసుకోవాలని ఉండే ఉంటుంది. అదే ఫ్రేము కట్టించి పంపు." ఇప్పుడేం చేద్దాం? ఆ కూతురికి ఆ హక్కు ఉంది. లింకన్ కాలరు పైకి లాగించుకున్నట్టే తాతమ్మకీ తన ముఖం ఎలా కనిపించాలో కోరుకునే హక్కు ఉంది. అందుకే నేను ఒక్క కాపీతో ఆపొద్దంటాను. గోడకి వేలాడేది ఇంటివాళ్ళ ఇష్టం. దాచేది మాత్రం మచ్చలతోనే ఉండాలి, రెంటిమీదా ఏది ఏదో రాసి ఉండాలి.

కొత్త యాప్‌ల గురించి తల్లిదండ్రులకు తెలియాల్సింది ఒకటుంది. మసక ముఖాన్ని అవి "స్పష్టం" చేస్తాయి అనుకుంటాం. ఫోటోలో లేని వివరం ఎక్కడి నుంచీ రాదు. తాము చూసిన లక్షల ముఖాల్లోంచి సరిపోయే కన్ను, ముక్కు, పెదవి కొత్తగా గీసి పెడతాయి. 2020లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన ఇలాంటి ప్రోగ్రాముకి ఎవరో బరాక్ ఒబామా మసక ఫోటో ఇస్తే, అది తెల్లవాడి ముఖం చేసి ఇచ్చింది. ప్రపంచమంతా తెలిసిన ముఖం కాబట్టి తప్పు దొరికింది. మన తాతమ్మ ముఖం మారితే పట్టుకోవడానికి ఒంగోల్లో ఒక్క అమ్మమ్మ ఉంది. ఆవిడ తర్వాత ఎవరున్నారు?

పిల్లల ఫోటోల్లో దిష్టిచుక్క కూడా ఇలాగే పోతోంది. బుగ్గ మీద అమ్మ పెట్టిన కాటుక చుక్కను యాప్ మొటిమ అనుకుంటుంది. గడ్డం మీది పచ్చబొట్టును మరక అనుకుంటుంది. బొట్టు లేని నుదురు చూసి మనమే ఒక బొట్టు పెట్టేస్తుంటాం, ఆ ఫోటో దిగేనాటికి ఆవిడ భర్త పోయి ఉన్నాడేమో అడగకుండానే.

నవ్వు సంగతి కూడా చెప్పాలి. ముభావంగా ఉన్న ముఖానికి నవ్వు తగిలించే యాప్‌లు పిల్లలకు భలే ఇష్టం. 2021లో ఒక ఐరిష్ కళాకారుడు కంబోడియాలోని తువోల్ స్లెంగ్ జైలు ఖైదీల ఫోటోలకు రంగులు వేశాడు. 1970లలో ఖ్మేర్ రూజ్ పాలకులు చంపే ముందు తీయించిన ఫోటోలవి. వాటిలో కొన్ని ముఖాలకు నవ్వు చేరింది. కంబోడియా సాంస్కృతిక శాఖ, చనిపోయినవాళ్ళ బంధువులు మండిపడ్డారు, ప్రచురించిన పత్రిక ఆ ఫోటోలను తీసేసింది. మన తెలుగువాళ్ళ వలస చరిత్రలో కూడా బలవంతపు ఫోటోలున్నాయి. మారిషస్ చెరకు తోటలకు వెళ్ళిన భారతీయ కూలీలలో తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ 1867 నాటి చట్టం, ఒప్పందం పూర్తయిన కూలీలు కూడా ఫోటో అంటించిన టికెట్టు దగ్గర పెట్టుకోవాలని శాసించింది. ఆ కాలపు ఫోటోలు, రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ ముఖాల్లోని అలసటకి నవ్వు అతికిస్తే ఆ చట్టం ఏం చేసిందో ఎవరికి అర్థమవుతుంది?

తరగతిలో ఏం చేద్దాం

ప్రతి ఫోటోకీ మూడు కాపీలు ఉండేలా తల్లిదండ్రులు సాయపడండి. మొదటిది, కనీసం 600 డిపిఐలో స్కాన్ చేసి ఏమీ ముట్టుకోనిది. ఫోటో వెనక వైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర, తేదీ అక్కడే ఉంటాయి. రెండోది, కాలం మచ్చలు మాత్రం తీసినది. తరగతికి తేవాల్సింది ఇదే. మూడోది మీ ఇష్టం, రంగులు వేసుకోండి, గోడకి పెట్టుకోండి. రెండో, మూడో కాపీల కింద ఏం మార్చారో ఒక్క వాక్యం రాయండి: "మడత గీత, బూజు తీశాం. ముఖం ముట్టుకోలేదు." అంతే చాలు. అసలు ఫోటో వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి, బాల్‌పెన్ను వాడితే ముందువైపుకి అచ్చు పడుతుంది.

ఉపాధ్యాయులకు ఒక అభ్యాసం. ఫోటో కాపీ మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, పిల్లలకు నాలుగు రంగుల పెన్సిళ్ళు ఇవ్వండి. కాలం మచ్చకి ఒక రంగు, కెమెరాకి ఒకటి, స్టూడియోకి ఒకటి, మనిషికి ఒకటి. ప్రతి మచ్చ చుట్టూ సున్నా చుట్టి, దాని పేరు తెలుగులో రాయాలి. మరక, గీత, చార, ముడత, గాటు, పుట్టుమచ్చ, పచ్చబొట్టు, దిష్టిచుక్క, స్ఫోటకపు మచ్చ. ఇన్ని మాటలు పుస్తకంలో ఇచ్చి బట్టీ పట్టమంటే పట్టరు. తాతమ్మ ముఖం మీద వెతకమంటే గంటలో వచ్చేస్తాయి. ఏ రంగు వాడాలో తేలనిచోట ప్రశ్నార్థకం పెట్టి, ఇంటికెళ్ళి అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేయాలి.

ఒక మచ్చ దగ్గర మాత్రం మీరు జవాబు చెప్పొద్దు. చనిపోయిన పెద్దల ఫోటోకి పండగకీ, తద్దినానికీ బొట్టు పెడతాం కదా. అద్దం పగిలి ఉన్న ఫ్రేముల్లో ఆ కుంకుమ ఏళ్ళ తరబడి లోపలికి దిగి, ఫోటో నుదుటి మీదే ఎర్రటి మరకైపోయి ఉంటుంది. అది ఫోటో తీసిన రోజున లేదు. కాలం వేసిందీ కాదు. పెట్టిన చెయ్యి ఎవరిదో ఇంట్లోవాళ్ళకి తెలుసు, ఒక్కోసారి ఆ చెయ్యి కూడా ఇప్పుడు లేదు. దాన్ని తీయాలా, ఉంచాలా? పిల్లల్ని రెండు జట్లుగా కూర్చోబెట్టి వాదించుకోనివ్వండి. ఆ వాదన తెలుగులో జరిగితే ఆ రోజుకి పాఠం అయినట్టే.